ఈ గొర్రు ఏ శాఖ కిందికి వస్తుంది? పాత వ్యవసాయ పనిముట్లపై అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు, వ్యవసాయ, రవాణా శాఖల ఉన్నతాధికారులకు, వ్యవసాయ విశ్వవిద్యాలయాల పెద్దలకు,

నమస్కారం. నేను పల్నాడులో ఆయిల్ ఇంజన్లు, పంపుసెట్లు బాగుచేసే మెకానిక్‌ని. మా నాన్నదీ ఇదే పని. ఇప్పుడు ఎక్కడ చూసినా కరెంటు మోటార్లే కాబట్టి ఇంజన్ రిపేర్లు బాగా తగ్గాయి. వాటి బదులు నా షాపుకు ఒక ప్రశ్న వస్తోంది. పాత ఇల్లు పడగొడుతున్నవాళ్లు, అన్నదమ్ములు పంచుకుంటున్నవాళ్లు, పట్నం పోతూ కొట్టం ఖాళీ చేస్తున్నవాళ్లు ఏదో ఒక సామాను ఫొటో చూపించి అడుగుతున్నారు: "ఇది ఎక్కడిది? ఏనాటిది? ఉంచమంటావా, తూకానికి వేసేయమంటావా?"

ఇంజనైతే నాకు తెలిసినంత చెబుతాను. గొర్రు (విత్తనాన్ని సాళ్లలో వేసే పనిముట్టు), కపిల సామాను (ఎడ్లతో బావి నీళ్లు తోడేది), చెరకు గానుగ, కొలపాత్రల సంగతి ఎవరిని అడగాలో తెలియక ఒక జిల్లా కార్యాలయంలో అర్జీ పెట్టాను. వాళ్లు ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికి పోతే, "ఇవి శిల్పాలు కావు, శాసనాలు కావు, మా పరిధిలోకి రావు" అన్నారు. మూడోచోట, "మేం కొత్త యంత్రాలకు సబ్సిడీ ఇస్తాం, పాతవాటితో మాకేం పని?" అన్నారు. ఎవరూ విసుక్కోలేదు, ఒకచోట టీ కూడా ఇప్పించారు. కాగితం మీద మాత్రం ఈరోజు వరకు ఒక్క ముక్క జవాబు లేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

ముందు మా వైపు సంగతే ఒకటి చెబుతాను. విత్తనాన్ని సాళ్లలో వేసే యంత్రం అనగానే పాఠాల్లో చెప్పేది ఇంగ్లండులో 1701లో జెత్రో టల్ చేసినదాని గురించి. 1795-96 ప్రాంతంలో థామస్ హాల్కాట్ అనే ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ మన వినుకొండ సీమలో పొలాల వెంట పోతూ గొర్రుతో విత్తడం చూశాడు. అప్పటిదాకా అది యూరపువాళ్లు కొత్తగా కనిపెట్టిన పనిముట్టు అనుకున్నవాడు, ఇక్కడ రైతులు తరతరాలుగా వాడుతున్నారని తెలుసుకుని లండన్‌లోని వ్యవసాయ బోర్డుకు వివరంగా రాసి పంపాడు. 1797 నాటికి అది అచ్చయింది కూడా. అంటే పల్నాడు గొర్రు సంగతి లండన్‌లో అచ్చై రెండు వందల ఏళ్లు దాటింది. అదే పల్నాడులో ఇవాళ ఒక గొర్రు దొరికితే, దాని వివరం రాసుకునే కుర్చీ ఒక్కటీ లేదు.

గొర్రు మీద పేరు ఉండదు, సంవత్సరం ఉండదు. అయినా చూడగలిగినవాళ్లకు అది చాలా చెబుతుంది. విత్తనం పోసే జడ్డిగం చూడండి. గిన్నెలా తొలిచిన కర్ర, అడుగున పళ్లు ఎన్నో అన్ని రంధ్రాలు, రంధ్రానికొక వెదురు గొట్టం. పళ్ల మధ్య ఎడం చూసి అది జొన్నకు చేయించిందో, కొర్రకు చేయించిందో పెద్దవాళ్లు చెప్పేస్తారు. జడ్డిగం అంచు ఒకవైపే నున్నగా అరిగి ఉంటే, విత్తనం వదిలిన మనిషి ఏ చేత్తో వదిలిందో తెలుస్తుంది. మా వైపు ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. రంధ్రాన్ని ఎర్రగా కాల్చిన ఇనప కడ్డీతో చేశారా, వడ్రంగి బర్మాతో తొలిచారా, గొట్టం కట్టింది నారతోనా, ఇనప తీగతోనా, పన్ను మొనకు తొడిగిన ఇనుము కొలిమిలో సాగగొట్టిందా, లారీ కమాను పట్టీ నుంచి కోసిందా, ఇవన్నీ ఆధారాలే. కమాను పట్టీ ఉందంటే, కనీసం ఆ ముక్క లారీలు వచ్చాక వేసింది. కర్ర మాత్రం తాత కాలంది అయ్యుండొచ్చు. పనిముట్టుకు ఒకటే వయసు ఉండదు. నాగలి మేడి (పిడి) ఒక కాలంది, కర్రు (ఇనప మొన) ఒక కాలంది, కాడి ఇంకో కాలంది. దీనికి ల్యాబు పరీక్ష చేయిస్తే సరిపోతుందని ఒక అధికారి నాతో అన్నారు. రెండు మూడు వందల ఏళ్ల లోపు కర్రకు కార్బన్ పరీక్ష కచ్చితమైన సంవత్సరం చెప్పలేదు. ఇంట్లో పెద్దామె నోటి మాట, అది చేసిన వడ్లాయన కొడుకు గుర్తుపట్టడం, ఇంట్లో మిగిలిన కాగితం, ఈ మూడే దారులు. ఆ మూడూ ఏటికేడు తగ్గిపోతున్నాయి.

ఇక ఇనుము, నాకు బాగా తెలిసిన సంగతి. ఇనప నాగళ్లు, కొత్త రకం పనిముట్లు మన జిల్లాల వైపు రావడం వెనక 1865లో మద్రాసు దగ్గర సైదాపేటలో పెట్టిన ప్రభుత్వ ప్రయోగ క్షేత్రం ఉంది. తర్వాత 1903లో కిర్లోస్కర్ ఇనప నాగలి వచ్చింది. 1910లో కిర్లోస్కర్‌వాడి మొదలైంది. అక్కడి నుంచి నాగళ్లు, చెరకు గానుగలు, పంపులు దేశమంతా పోయాయి. ఇక ఆయిల్ ఇంజన్లలో ఇంగ్లండులోని డర్స్లీలో తయారైన లిస్టర్ ఇంజన్లు చాలా పేరున్నవి. వాటిని చూసి గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో అచ్చం అలాంటివే చేశారు. అమ్మేవాళ్లు "లిస్టర్ టైపు" అనేవాళ్లు. రంగు వేశాక దూరం నుంచి రెండూ ఒకటే.

ఇత్తడి ప్లేటు ఉంటే పని సులువు. ప్లేటు మీద 650 అని ఉంటే అది సంవత్సరమో మోడలో అనుకుని ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. అది నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్ల లెక్క. పోతపోసిన అంకెలు అచ్చు నంబర్లు, వాటితో ఇంజన్ వయసు తెలియదు. పంచ్‌తో కొట్టిన నంబరు కావాలి. ప్లేటు పోయినా అది ఫ్లైవీలు మీదో బ్లాకు మీదో దొరకొచ్చు, గ్రీజు కిరసనాయిలుతో కడగాలి, గీకకూడదు. ఇంకో చిన్న కిటుకు. డీలరు ప్లేటు మీద అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15కి ముందుది కానే కాదు, పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజున. ఐఎస్ఐ ముద్ర ఉంటే 1950లకు ముందుది కాదు. ఊరి పేరు బెజవాడ అని ఉందంటే పాతదయ్యే అవకాశం ఎక్కువ. ఇవి ఒక పూట శిక్షణతో ఎవరికైనా వస్తాయి. ఏఈవోలకు (వ్యవసాయ విస్తరణ అధికారులకు), గ్రామ వ్యవసాయ సహాయకులకు ఇంతకంటే కష్టమైనవి మీరు రోజూ నేర్పుతున్నారు.

ఇంగ్లండులో రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1951లోనే గ్రామీణ జీవితానికి ఒక మ్యూజియం పెట్టారు. రాన్సమ్స్ లాంటి నాగళ్ల కంపెనీల పాత రికార్డులు అక్కడ భద్రంగా ఉన్నాయి. అక్కడి రైతు కొట్టంలో దొరికిన నాగలి గురించి అడగడానికి ఒక తలుపంటూ ఉంది. మన దగ్గర రికార్డులు అసలే లేవని కాదు. తాలూకా ఆఫీసుల్లో తక్కావి అప్పుల రిజిస్టర్లు ఉండేవి. 1883, 1884 చట్టాల కింద బావికి, ఎడ్లకు, పనిముట్లకు ప్రభుత్వం ఇచ్చిన అప్పులవి. తర్వాత కాలంలో భూమి తనఖా బ్యాంకులు, సహకార సంఘాలు ఇంజన్లకు, ట్రాక్టర్లకు అప్పులిచ్చాయి. ఫలానా రైతు ఫలానా ఏడు ఇంజను కొన్నాడని చెప్పగలిగేవి ఆ పుస్తకాలే. 1984లో కరణాల వ్యవస్థ పోయినప్పుడు కొన్ని ఇళ్లలో కాగితాలు అటకెక్కాయి. వాటిలో వడ్రంగికి, కమ్మరికి కళ్లంలో ఇచ్చిన మేర (ధాన్యం వాటా) లెక్కలు కూడా దొరుకుతాయి. అవి చెదలకూ చిత్తు కాగితాలవాళ్లకూ పోతున్నాయి.

దీనివల్ల మామూలు జనానికి ఏం నష్టం అని మీరు అడగొచ్చు. నేను కళ్లారా చూస్తున్నవి చెబుతాను.

1. తూకానికి పోతున్నాయి. పాత ఇనుము ఆటో వచ్చినప్పుడు ఇంజన్‌ని ఉన్నపళంగా ఎక్కించలేరు. సమ్మెటతో ఫ్లైవీలు పగలగొడతారు. అంతకుముందే ఇత్తడి ప్లేటు ఊడదీసి జేబులో వేసుకుంటారు, ఇత్తడికి రేటు వేరు కదా. రైతు చేతికి వచ్చేది పోత ఇనుము కిలో రేటే. ఆ ప్లేటు విడిగా పట్నంలో మోజున్నవాళ్లకు అమ్ముడుపోతుంది. ఇంజన్‌కూ దాని చరిత్రకూ అక్కడితో తెగింది.

2. ఇంకా వాడుకుంటున్నవాళ్లకు విడిభాగాలు దొరకడం లేదు. కరెంటు లైను పోని చేలల్లో, చిన్న గానుగల దగ్గర పాత ఇంజన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అది అసలు లిస్టరో, రాజ్‌కోట్ నకలో, ఏ ఏటిదో తేలకపోతే పిస్టన్ రింగు సైజు కుదరదు. రైతు రెండుసార్లు డబ్బు తగలేస్తాడు, పని రోజులు పోతాయి.

3. భయం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా దగ్గర ఒక ఇంట్లో ధాన్యం కొలిచే, ముద్రలు కొట్టిన పాత కుంచం, మానిక, సోల ఉన్నాయి. ఫొటో తీసుకుంటానంటే ఇంటాయన తలుపు వేసేశాడు. "పురావస్తు అంటే పోలీసులొస్తారంట గదా" అన్నాడు. మళ్లీ వెళ్లేసరికి అవి లేవు. ఎవరికో రాత్రికి రాత్రి ఇచ్చేశాడు, అదీ వచ్చినకాడికి. నేను లాయర్ని కాదు, కానీ 1972 పురావస్తువుల చట్టం చదివితే అర్థమయ్యేది ఇది. నూరేళ్లు దాటి, గడిచిన కాలపు వృత్తుల్ని, శాస్త్రాన్ని, ఆచారాల్ని చూపే వస్తువు ఏదైనా పురావస్తువే కావచ్చు. అయితే సొంతదారు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని చెప్పినవి శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల వంటి కొన్ని రకాలే. తాతగారి కుంచం ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. విదేశాలకు పంపడం, లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయడం నేరం. ఈ నాలుగు మాటలు తెలుగులో అచ్చేసి పంచాయతీ గోడకు ఎవరూ అంటించలేదు కాబట్టి, ఉంచుకోవాలనుకున్నవాడు భయపడుతున్నాడు, బేరం చేసేవాడు ఆ భయాన్నే వాడుకుంటున్నాడు.

4. నకిలీలు. కొత్త ఇనుముకు యాసిడ్, ఉప్పునీళ్లు పట్టించి తుప్పు లేపి "యాంటిక్" అని అమ్ముతున్నారు. కొనేవాడు మోసపోతున్నాడు. అసలు వస్తువు తెచ్చిన రైతును కూడా ఎవరూ నమ్మడం లేదు.

5. చేసినవాళ్ల పేర్లు పోతున్నాయి. బండి చక్రం ఆకులు, ఇరుసు, చక్రానికి ఇనప పట్టా ఎక్కించిన తీరు చూసి "ఇది ఫలానా ఊరి వడ్రంగుల పని" అని చెప్పగలిగేవాళ్లు మండలానికి ఒకరిద్దరు కూడా మిగల్లేదు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల్లో కమ్మరి, వడ్రంగి ఉన్నారు. కొత్త పనిముట్లకు సాయం అందుతోంది, సంతోషం. ఆ దరఖాస్తులోనే "మీ పెద్దలు ఏం చేసేవాళ్లు, ఏ ఊళ్లకు చేసేవాళ్లు" అని ఒక్క గడి పెట్టి ఉంటే, ఇవాళ మన చేతిలో ఒక జాబితా ఉండేది.

6. పాత ట్రాక్టర్లు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న మోటారు సైకిళ్లకు, కార్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. అందులో ట్రాక్టరు లేదు. ధనవంతుడి గ్యారేజీలో కారుకు గౌరవం దక్కింది. ఊరి మొత్తానికి మొదట వచ్చి, పది ఊళ్ల పొలాలు దున్నిన ఫెర్గూసన్‌కో, తొలినాటి ఐషర్‌కో తుక్కు రేటే గతి. దేశంలో తయారైన తొలి ట్రాక్టర్లలో ఒకటైన ఐషర్ ఫరీదాబాద్‌లో 1959లో బయటికొచ్చింది. ఆ కాలపు బండ్లు యాభై దాటి చాలా ఏళ్లయింది.

హోటళ్లు, రిసార్టులు నాగళ్లు, చక్రాలు కొని గోడలకు తగిలించుకుంటున్నాయని చాలామంది తిడుతుంటారు. నాకు వాళ్ల మీద అంత కోపం లేదు. కనీసం పొయ్యిలో పెట్టకుండా ఉంచారు. కాకపోతే జడ్డిగంలో మనీ ప్లాంట్ నాటి, దాని పక్కన ఒడిశా నాగలి పెట్టి, రెండింటి కింద "ప్రాచీన ఆంధ్ర వ్యవసాయం" అని రాస్తే పిల్లలు అదే నిజమనుకుంటారు. వస్తువు ఉండి కూడా ఏ ఊరిదో తెలియకపోతే అది ఆధార్ లేని మనిషి లెక్కే, ఏ ఆఫీసులోనూ దానికి పని జరగదు.

ఇక మేం కోరుతున్నవి. ఇందులో ఏదీ కోట్ల ఖర్చుతో కూడింది కాదు.

1. జిల్లాకు ఒక అధికారి పేరును రాతపూర్వకంగా ప్రకటించండి. ఏ శాఖవారైనా సరే. పాత వ్యవసాయ పనిముట్టు గుర్తింపు కోసం అర్జీ ఇస్తే తీసుకుని, రసీదు ఇచ్చి, తెలిస్తే చెప్పి, తెలియకపోతే తెలిసినవారికి పంపే బాధ్యత వారిది. మిగతా కోరికలన్నీ పక్కన పెట్టినా ఇది మాత్రం కావాలి.

2. ఒక పేజీ నమూనా ఫారం తెలుగులో తయారుచేయండి. స్కేలు పక్కన పెట్టి నాలుగు వైపుల ఫొటో, కొలతలు, కర్ర రకం, నంబర్లు, ముద్రలు, మరమ్మతుల గుర్తులు, ఊళ్లో దాన్నీ దాని భాగాల్నీ ఏమని పిలుస్తారు, ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఏ పంటకు వాడారు, చివరిసారి ఎప్పుడు వాడారు, ఈ సంగతి చెప్పిందెవరు. చివరి గడి తప్పనిసరి. ఎవరు చెప్పారో రాయని చరిత్రను తర్వాత ఎవరూ సరిచూడలేరు.

3. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాల్లో, తెలంగాణలో రైతు వేదికల్లో ఏడాదికి ఒక్కరోజు గుర్తింపు శిబిరం పెట్టండి. ఊరి కమ్మరిని, వడ్రంగిని, పాత మెకానిక్‌ను పిలిచి ఆ రోజు కూలి ఇవ్వండి. శాలువా కప్పి పంపేయొద్దు, వాళ్లు పనిచేసే రోజు పోతుంది.

4. వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులు రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) కింద నెలల తరబడి ఊళ్లలోనే ఉంటారు. ఆ ఫారాలు నింపే పని వాళ్ల మార్కుల్లో భాగం చేయండి. వాళ్లకు ఊరు తెలుస్తుంది, మనకు రికార్డు వస్తుంది.

5. తక్కావి రిజిస్టర్లు, పాత సహకార సంఘాల అప్పు పుస్తకాలు, పనిముట్ల డిపోల లెక్కలు ఎక్కడ మిగిలి ఉన్నాయో జాబితా వేయించండి. జాబితా పూర్తయ్యేదాకా పాత రికార్డుల ధ్వంసం పేరుతో వాటిని తగలబెట్టొద్దు. నిజాం కాలపు కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ దాకా మామూలు రైతు రాలేడు, రాసి అడిగితే వెతికి చెప్పే ఏర్పాటు చేయండి.

6. చట్టం ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో ఒక పేజీలో అచ్చ తెలుగులో రాసి ప్రతి సచివాలయంలో, పంచాయతీలో అంటించండి. ఫారం నింపినవారి వస్తువు స్వాధీనం చేసుకోబోమని అందులో స్పష్టంగా రాయండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే మిగతా కోరికలేవీ నడవవు.

7. వింటేజ్ నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టర్లను చేర్చమని రెండు రాష్ట్రాల రవాణా శాఖలు కేంద్రానికి రాయాలి. ఫీజు కార్ల స్థాయిలో పెడితే ఎవరూ రారు, అది కూడా రాయండి.

8. పాత ఇనుము వ్యాపారుల్ని దొంగల్లా చూడొద్దు. ఏ ఊళ్లో ఏం బయటపడుతోందో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. వాళ్లకు ఒక వాట్సాప్ నంబరు ఇవ్వండి. పగలగొట్టే ముందు నంబరు ప్లేటు ఫొటో పంపితే చిన్న మొత్తం ఇవ్వండి. వస్తువును కాపాడలేకపోయినా వివరమైనా మిగులుతుంది.

ఇంకో మాట. వీటన్నిటినీ పోగుచేసి హైదరాబాదులోనో, అమరావతిలోనో అద్దాల వెనక పెట్టాలని మేం అడగడం లేదు. మంచి నమూనాలు కొన్ని మ్యూజియంకు ఇవ్వాలనుకునేవాళ్లు ఇస్తారు, వాళ్ల ఊరి పేరు, ఇంటి పేరు పక్కన ఉండాలి. మిగతావి ఊళ్లోనే, సొంతదారు కొట్టంలోనే ఉండనివ్వండి, బడి పిల్లలు నడిచివెళ్లి చూడొచ్చు.

విశ్వవిద్యాలయాల పెద్దలకు విడిగా ఒక విన్నపం. గొర్రు పళ్ల ఎడం, జడ్డిగం లోతు, నేలను పైపైన గీరే గుంటకకు ఉండే పాస (ఇనప బ్లేడు) కోణం ఊరూరికీ ఎందుకు మారాయో మీ ఇంజనీరింగ్ విభాగాలు కొలిచి చెప్పగలవు. నల్లరేగడికీ ఎర్రచెలకకూ ఒకే గుంటక పనికిరాదని రైతుకు తెలుసు, ఎంత తేడా పెట్టారో కొలిచిన లెక్క కావాలి. చిరుధాన్యాలు మళ్లీ వేయమని మీరే చెబుతున్నారు. ఆ పంటలకు తగ్గట్టు ఎడం పెట్టిన గొర్లు ఇప్పటికే కొన్ని కొట్టాల్లో ఉన్నాయి, కొత్త యంత్రం గీసేముందు వాటిని ఒకసారి చూడండి.

మా వైపు నుంచి మేం చేయగలిగింది కూడా చెబుతున్నాను. నా షాపుకు వచ్చిన ఇంజన్ల నంబర్లు, ఫొటోలు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాను. సొంతదారులు ఒప్పుకున్నంతవరకు వాటి నకళ్లు ఉచితంగా ఇస్తాను. శిబిరం పెడితే ఇంజన్ల వరకు నేనే వచ్చి చూస్తాను, కూలి అక్కర్లేదు.

మాసూళ్లు అయిపోయి ఎండలు ముదిరాక పాత ఇనుము ఆటోలు ఊళ్లలోకి ఎక్కువగా వస్తాయి. పాత ఇళ్లు పడగొట్టేదీ అప్పుడే. కాబట్టి మార్చి నెలాఖరులోపు మొదటి కోరికకు, అంటే జిల్లా అధికారి పేరుకు, ఆరో కోరికకు, అంటే పంచాయతీ గోడ మీద కాగితానికి, ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాం. మిగతావాటికి ఎంత గడువు కావాలో మీరే చెప్పండి. కుదరదంటే, ఏ శాఖకు ఎందుకు కుదరదో సంతకంతో రాసి ఇవ్వండి. దాన్ని పట్టుకుని పై మెట్టు ఎక్కుతాం.

ఇట్లు,
ఒక ఆయిల్ ఇంజన్ మెకానిక్,
పల్నాడు ప్రాంత రైతులు, కమ్మరులు, వడ్రంగుల తరఫున